ఆ కాలమ్ ఖాళీగా వదిలేయనా నాన్నా?

మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం చదువుతోంది. ఇంజనీరింగ్ ఎంట్రన్స్‌కి ఆన్‌లైన్‌లో అప్లికేషన్ నింపుతూ కులం అడిగే కాలమ్ దగ్గర ఆగింది. మీసేవ నుంచి కొత్తగా తెచ్చిన కులధ్రువీకరణ పత్రం పట్టుకుని నేను పక్కనే కూర్చున్నాను, నంబర్ చదివి చెప్పడానికి. స్క్రీన్ మీద నుంచి చూపు తిప్పకుండానే అడిగింది: "ఇది ఖాళీగా వదిలేయనా నాన్నా? ఓసీలో రాస్తా."

ఎందుకమ్మా అన్నాను. ఆ వారం కాలేజీలో జరిగింది చెప్పింది. మాక్ టెస్టులో మార్కులు తగ్గి దిగులుగా కూర్చుంటే, పక్కనున్న స్నేహితురాలు ఓదారుస్తూ, "నీకేం టెన్షనే, నీకు ఎట్లయినా సీటొస్తది" అన్నదట. ఆ పిల్ల చెడ్డది కాదు. మా ఇంటికి వస్తుంది, మాతో కూర్చుని తింటుంది. తను రోజూ తెల్లవారుజామున నాలుగింటికి లేచి చేసే లెక్కలు ఆ ఒక్క మాటతో లెక్కలోకి రాకుండా పోయాయని మా అమ్మాయి బాధ. కొంచెంసేపు ఆగి ఇంకో ప్రశ్న వేసింది. అసలు ప్రశ్న అదే. "మనకిప్పుడు ఏం తక్కువ నాన్నా? నువ్వు ఇంజనీర్వి. నేను ఇంగ్లిష్ మీడియం. కోచింగ్ కూడా ఉంది."

ఆ రాత్రి నా దగ్గర జవాబు లేదు. రిజర్వేషన్ల గురించి ముప్పై ఏళ్లుగా వాదిస్తున్నవాణ్ని. బయటివాళ్లు అడిగితే చెప్పే జవాబులు నాకు నోటికొచ్చు. కన్నబిడ్డ అడిగితే వాటిలో ఏది నిజంగా నిలుస్తుందో మళ్లీ చూసుకోవాల్సి వచ్చింది. ఫారం సేవ్ చేసి మూసేశాం. ఆ తర్వాత నాలుగైదు రోజులు నాలో నేను తర్కించుకున్నదే ఇక్కడ రాస్తున్నాను.

ముందు నా కథ కొంత చెప్పాలి. మాది నల్గొండ జిల్లా. మాలవాడలో పుట్టాను. మా నాయన కూలి. ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా సాంఘిక సంక్షేమ హాస్టల్లో ఉన్నాను. ఒకే హాల్లో నలభై మందిమి, ఎవరి రేకు పెట్టె పక్కన వాళ్ల చాప. ఇంటర్ తెలుగు మీడియం. కోచింగ్ అనే మాట విన్నాను గాని వెళ్లినవాణ్ని చూడలేదు. 1993లో ఎంసెట్ రాశాను. ఆ కాలేజీలో ఆఖరి ఓసీ సీటు వచ్చినవాడి ర్యాంకుకీ నా ర్యాంకుకీ మధ్య వేలల్లో తేడా. ఎస్సీ కోటాలో సివిల్ సీటు వచ్చింది.

కాలేజీ నోటీసు బోర్డు మీద పెట్టిన జాబితాలో పేరు పక్కనే కేటగిరీ రాసి ఉండేది. మొదటి నెలలోనే ఎవరు ఏమిటో అందరికీ తెలిసిపోయింది. మొదటి సంవత్సరం లెక్కల్లో, ఇంజనీరింగ్ డ్రాయింగ్‌లో ఫెయిలయ్యాను. ఒక లెక్చరర్ నా పేపరు పైకెత్తి చూపించి, "ఇలాంటివాళ్లు కట్టిన బ్రిడ్జి మీద మీరు వెళ్తారా?" అని క్లాసును అడిగాడు. రెండో సంవత్సరం నుంచి సర్దుకున్నాను. ఇంగ్లిష్‌లో చదివింది తెలుగులో అర్థం చేసుకుని మళ్లీ ఇంగ్లిష్‌లో రాయడం అలవాటైంది. ఫైనలియర్ మార్కులు వచ్చేసరికి క్లాసులో సగం మంది నా వెనక ఉన్నారు. అదే లైబ్రరీ, అదే లెక్చరర్లు, అవే పేపర్లు. నాలుగేళ్లు ఒకే చూరు కింద ఉండేసరికి, ఎంసెట్‌లో కనిపించిన ఆ వేల తేడా కరిగిపోయింది.

అందరికీ ఇలాగే కరుగుతుందని నేను చెప్పను. నాతోపాటు చేరిన ఎస్సీ కుర్రాళ్లలో ఇద్దరు మధ్యలోనే మానేశారు. వాళ్లను ఆదుకోవడానికి కాలేజీలో ఏ ఏర్పాటూ లేదు. సీటిచ్చి చేతులు దులుపుకునే రిజర్వేషన్ సగం పనే చేస్తుంది. అయితే అక్కడ నేనొకటి నేర్చుకున్నాను. ర్యాంకు ఒకే అంకె గాని అందులో రెండు విషయాలు కలిసి ఉంటాయి: పిల్లవాడెంతటివాడు, వాడు నడిచొచ్చిన దారి ఎలాంటిది. రెండేళ్లు రెసిడెన్షియల్ కోచింగ్‌లో ఉండి తెచ్చుకున్న ఐదువేల ర్యాంకూ, హాస్టల్లో కరెంటు పోతే కిరసనాయిలు దీపం ముందు చదివి తెచ్చుకున్న ఐదువేల ర్యాంకూ కంప్యూటర్‌కి ఒకటే. రేపు ఎవరు మంచి ఇంజనీరవుతారో తేల్చాలంటే ఆ దారి కూడా చూడాలి. చూడకుండా తీసిన లెక్కను మెరిట్ అనడం నాకు ఒప్పుదల కాదు.

"నా సీటు వాడు తీసుకున్నాడు" అనే మాట నాకు ఇంతకంటే కష్టంగా ఉంటుంది, ఎందుకంటే అందులో నిజమైన బాధ ఉంది. రెండు మార్కుల్లో సీటు పోయిన ఓసీ కుర్రాడు కల్పన కాదు, మా ఆఫీసులోనే అలాంటి తండ్రులున్నారు. కానీ పరీక్షకు ముందే ఆ సీటు ఎవరిదో ఎలా అయింది? ఈ పేచీ రాజ్యాంగమంత పాతది. మద్రాసు రాష్ట్రంలో, అంటే ఆంధ్ర జిల్లాలు కూడా అందులో ఉన్న రోజుల్లో, మెడికల్, ఇంజనీరింగ్ సీట్లను కమ్యూనల్ జీవో ప్రకారం పంచేవారు. ప్రతి పద్నాలుగు సీట్లలో బ్రాహ్మణేతర హిందువులకు 6, వెనకబడిన హిందువులకు 2, బ్రాహ్మణులకు 2, హరిజనులకు 2, ఆంగ్లో ఇండియన్లకూ భారతీయ క్రైస్తవులకూ కలిపి 1, ముస్లింలకు 1. చంపకం దొరైరాజన్ అనే బ్రాహ్మణ మహిళ దీనిమీద కోర్టుకు వెళ్లారు. ఆవిడ మెడికల్ కాలేజీకి అసలు అప్లికేషనే పెట్టలేదు. పెట్టినా రాదని తెలిసి ఊరుకున్నానన్నారు. 1951లో సుప్రీంకోర్టు ఆ జీవోను కొట్టేసింది. దాంతో అదే ఏడాది మొదటి రాజ్యాంగ సవరణ వచ్చింది, వెనకబడినవాళ్లకు ప్రత్యేక ఏర్పాట్లు చేయొచ్చనే 15(4) అధికరణం చేరింది. ఈరోజు కాలేజీల్లో ఉన్న రిజర్వేషన్లకు పునాది అదే.

నావాళ్లు చాలామంది ఒప్పుకోకపోవచ్చు గాని, ఆ తీర్పు పూర్తిగా అన్యాయమని నేననుకోను. ఆ జీవోలో ఓపెన్ అనేదే లేదు. ఉన్న సీట్లన్నీ కులాలవారీగా పంచేసి, ఎవరి గడిలో వాళ్లు ఉండాలన్నారు. ఇప్పటి పద్ధతి అది కాదు. ఓపెన్ సీట్లంటే అందరివీ. ఓసీ కోటా అని జనం వాడుకలో అంటారు గాని చట్టంలో అలాంటి కోటా లేదు. ఎస్సీ, బీసీ పిల్లలు ఓపెన్ ర్యాంకు తెచ్చుకుంటే ఓపెన్‌లోనే లెక్క, రిజర్వేషన్ సీట్లలోంచి తగ్గించరు. ఈ ఒక్క సంగతి తెలియక ఎన్ని ఇళ్లలో ఎంత కోపం పేరుకుపోయిందో నేను చూశాను.

ఇంకో లెక్క ఉంది. తెలంగాణలో ఎస్సీలకు 15 శాతం. ఒక కాలేజీలో వంద సీట్లుంటే ఆ పదిహేనూ రేపు తీసేసినా కొత్తగా సీటొచ్చేది ఇంకో పదిహేనుమందికి. కానీ ఆ కాలేజీలో సీటు రాని వేలమందీ ఆ పదిహేనుమందిలో తామే ఉండేవాళ్లమని నమ్ముతారు. ఓడిపోయినప్పుడు కారణం కావాలి, నోటీసు బోర్డు మీద మా పేరు పక్కన కేటగిరీ కనిపిస్తుంది. మేనేజ్‌మెంట్ కోటాలో చేరినవాడి పేరు పక్కన వాళ్ల నాన్న కట్టిన డబ్బు రాసి ఉండదు. ప్రైవేటు మెడికల్ కాలేజీల్లో ఎన్నారై కోటా 15 శాతం దాకా ఉండొచ్చని 2005లో సుప్రీంకోర్టే చెప్పింది. అదీ పదిహేనే. ఇన్నేళ్లలో, మా ఆఫీసులో గాని బంధువుల పెళ్లిళ్లలో గాని, "ఎన్నారై సీటు డాక్టరు దగ్గరికి వెళ్తామా?" అని ఒక్కరు అడగడం నేను వినలేదు. ఏ కోటాలో చేరినా అందరూ పాసవ్వాల్సింది ఒకటే ఎంబీబీఎస్.

నైపుణ్యం గురించి ఊహలే అక్కర్లేదు, లెక్క తీసినవాళ్లున్నారు. అశ్వినీ దేశ్‌పాండే, థామస్ వైస్కాఫ్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 1980 నుంచి 2002 దాకా భారతీయ రైల్వేల సమాచారం తీసుకుని, ఎస్సీ, ఎస్టీ ఉద్యోగుల వాటా పెరిగిన చోట పనితనం తగ్గిందేమో చూశారు. తగ్గినట్టు ఎక్కడా తేలలేదు. పైస్థాయి ఉద్యోగాల్లోనైతే కొంత మేలు జరిగిన సూచనలే కనిపించాయి.

ఆ మేలు ఎలా జరుగుతుందో నాకు తెలుసు. అసిస్టెంట్ ఇంజనీరుగా ఉన్నప్పుడు ఒక కాలువ మరమ్మతుల ఎస్టిమేటు నా చేతికొచ్చింది. మామూలుగా ఎస్టిమేటు కాలువ మొదట్లోంచి మొదలవుతుంది. డబ్బు చాలకపోతే ఆగిపోయేది చివర్లో. నేను కాలువ కాపలా చూసే లష్కర్‌ని వెంటబెట్టుకుని ముందు ఆఖరి తూము దగ్గరికి నడిచాను. అక్కడ ఉన్నవి అసైన్డ్ భూములు, ఎకరం, ఎకరంన్నర చొప్పున మావాళ్లవి, లంబాడీలవి. ఇంజనీరు ఇక్కడిదాకా రావడం ఇదే మొదటిసారి సారూ అని ఒక పెద్దాయన అన్నాడు. ఆ ఏడాది చివరి రెండు కిలోమీటర్ల లైనింగ్ ముందు పెట్టించాను. వేరే కులం ఇంజనీరు ఆ పని చేయడని కాదు, చేసినవాళ్లు నాకు తెలుసు, వాళ్ల దగ్గరే పని నేర్చుకున్నాను. కానీ నీళ్లు ఆగిపోయేది ఎక్కడో నాకు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. మా నాయన కూలికెళ్లింది అలాంటి భూముల్లోకే. ప్రభుత్వం సీట్లు, పోస్టులు పెట్టేది పరీక్షలో గెలిచినవాళ్లకు బహుమతి ఇవ్వడానికి కాదు గదా. కాలువలో నీళ్లు పారడానికి, ఆస్పత్రిలో రోగం నయం కావడానికి. ఆ పని ఎవరి కోసమో తెలిసిన మనిషి లోపల ఉండటం కూడా ఆ పనికి కావాల్సిన అర్హతే అంటాను.

పదేళ్లకే అన్నారు, డెబ్బై ఏళ్లయినా తీయలేదనే మాట కూడా సర్దాల్సిందే. రాజ్యాంగంలో పదేళ్ల గడువు పెట్టింది చట్టసభల్లో సీట్లకు, 334వ అధికరణంలో. దాన్నే పొడిగిస్తూ వచ్చారు. చదువులకు, ఉద్యోగాలకు రాజ్యాంగం గడువు పెట్టలేదు.

ఇక మా అమ్మాయి ప్రశ్న. మనకిప్పుడు ఏం తక్కువ?

డబ్బు తక్కువ లేదు, నిజమే. ఈ మాటకు మొన్నటిదాకా నా దగ్గరున్న జవాబు, రిజర్వేషన్ పేదరిక నిర్మూలన పథకం కాదని. అది ఇప్పటికీ నిజమే. సుఖ్‌దేవ్ థోరట్, పాల్ అటెవెల్ అనే పరిశోధకులు ప్రైవేటు కంపెనీల ప్రకటనలకు ఒకే రకం అర్హతలతో అప్లికేషన్లు పంపారు. తేడా ఇంటిపేర్లలోనే. 2007లో అచ్చయిన ఆ అధ్యయనంలో, దళిత ఇంటిపేరున్నవాళ్లకు పిలుపు వచ్చే అవకాశం అగ్రకుల పేరున్నవాళ్లతో పోలిస్తే దాదాపు మూడింట రెండు వంతులే అని తేలింది. అప్లికేషన్‌లో జీతం, ఇల్లు, కారు కనిపించవు, పేరే కనిపిస్తుంది. మా అమ్మాయికి పదేళ్లప్పుడు హైదరాబాద్‌లో అద్దె ఇల్లు వెతుకుతూ తిరిగాం. ఒక ఇంటాయన అడ్వాన్స్ దాకా మాట్లాడి, "ఏమనుకోవద్దు సార్, మీరెవరు?" అన్నాడు. చెప్పాను. వెంటనే, వాళ్ల తమ్ముడు వస్తున్నాడు, ఇల్లు ఇవ్వడం కుదరదన్నాడు. మెట్లు దిగేటప్పుడు మా అమ్మాయి నా వేలు పట్టుకుని ఉంది. తనకు గుర్తుందో లేదో నేనెప్పుడూ అడగలేదు.

కులం బదులు పేదరికమే చూడమనేవాళ్ల కోరిక 2019లో సగం తీరింది. 103వ సవరణతో పది శాతం ఈడబ్ల్యూఎస్ (ఆర్థికంగా వెనకబడిన వర్గాల) కోటా వచ్చింది. పేద ఓసీ పిల్లలకు సాయం దొరకడం నాకు సంతోషమే. నొప్పించింది రెండు సంగతులు. ఎస్సీ, ఎస్టీ, బీసీల్లోని పేదలు ఎంత పేదలైనా అందులోకి రాకూడదన్నారు. 2022 నవంబర్‌లో సుప్రీంకోర్టు మూడు రెండు తేడాతో దాన్ని సమర్థించినప్పుడు, విభేదించిన ఇద్దరు న్యాయమూర్తుల అభ్యంతరం కూడా అదే. రెండోది, ఆ కోటా వచ్చిన రోజు మా ఆఫీసులో మెరిట్ అనే మాట ఎవరి నోటా రాలేదు. అంతకాలం మెరిట్ కోసం అంత బాధపడ్డవాళ్లు ఆ రోజు ఎందుకు ఊరుకున్నారో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

ఇవన్నీ మా అమ్మాయికి చెప్పొచ్చు. కానీ ఇక్కడితో ఆపేస్తే నేను సగమే చెప్పినవాణ్నవుతాను. మిగతా సగం చెప్పడానికి మా హాస్టల్ దోస్తు గురించి చెప్పాలి.

అతను మాదిగ. లెక్కల్లో నాకంటే బాగా చురుకు. ఎనిమిదో తరగతిలో నాకు బీజగణితం చెప్పింది అతనే, సారు చెప్పింది అర్థంకాక నేను ఏడుస్తుంటే. తొమ్మిదో తరగతి మధ్యలో వాళ్ల అక్క పెళ్లికి నాయన అప్పు చేసి, ఇతన్ని ఒక రైతు దగ్గర జీతం పెట్టాడు. మళ్లీ హాస్టల్‌కి రాలేదు. మా నాయనకూ అప్పులున్నాయి. కానీ మా పెదనాయన టీచరు, వాడలో చదువుకున్న మొదటి మనిషి. ఆయన అడ్డుపడి నన్ను చదువు మానిపించనివ్వలేదు. మా వాడలో అలాంటి పెదనాయన ఉన్నాడు, వాళ్ల వాడలో లేడు. ఆ తేడా ఎక్కడినుంచి వచ్చిందో చిన్నప్పుడు నాకు తెలియదు. మా బావి దగ్గరికి వాళ్లను రానిచ్చేవాళ్లం కాదన్నది మాత్రం తెలుసు, కళ్లారా చూశాను. అడిగితే పెద్దవాళ్లు కొట్టేవాళ్లు.

1994 జూలైలో ప్రకాశం జిల్లా ఈదుముడిలో మాదిగ దండోరా ఉద్యమం మొదలైంది. ఎస్సీ కోటాను అందులోని కులాల జనాభాను బట్టి పంచాలన్నారు. జస్టిస్ రామచంద్రరాజు కమిషన్ నివేదిక తర్వాత ఉమ్మడి రాష్ట్రంలో ఎ, బి, సి, డి వర్గీకరణ వచ్చింది: 1, 7, 6, 1 శాతాలు. 2004 నవంబర్ 5న సుప్రీంకోర్టు చిన్నయ్య కేసులో దాన్ని కొట్టేసింది. ఎస్సీలంతా ఒకటే, రాష్ట్రాలు విడగొట్టకూడదంది. ఆ రోజు మా ఆఫీసులో మావాళ్లం స్వీట్లు పంచుకున్నాం. కిందటి బ్యాచ్‌లో చేరిన ఒక మాదిగ కుర్రాడు తీసుకోలేదు. అన్నదమ్ములం విడిపోవద్దనే గదా తమ్ముడూ అన్నాను. అతనేదో అన్నాడు. నేను తిరిగి అన్న మాట ఇది: "చదువుకుంటే మీకూ వస్తాయి. ఎవరన్నా ఆపారా?"

ఆ మాట నాకు చాలా ఏళ్లు గుర్తు రాలేదు. 2024 ఆగస్టు 1న పంజాబ్ ప్రభుత్వం వర్సెస్ దవీందర్ సింగ్ కేసులో ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆరు ఒకటి తేడాతో చిన్నయ్య తీర్పును తిప్పేసి, వర్గీకరణ చేయొచ్చని చెప్పింది. ఆ వార్త చదువుతుంటే గుర్తొచ్చింది. నా పేపరు పైకెత్తి చూపిన లెక్చరర్ కూడా వేరే మాటల్లో అన్నది అదే. నేను పదేళ్ల తర్వాత దాన్నే ఒక తమ్ముడి మొహాన కొట్టాను. కులం పిల్లల చదువును ముందే తూచి పెడుతుందని ఓసీలతో వాదిస్తాను. అదే వాదన మా హాస్టల్ హాల్లో పక్క చాప మీద పడుకున్నవాడి కులం కుర్రాడు నాతో చేస్తే ఐక్యత అన్నాను. పెద్దకులాలవాళ్లు మనమంతా హిందువులం అని మాతో అన్నప్పుడు మాకెంత మండేదో, స్వీటు తీసుకోని ఆ కుర్రాడికీ అంతే మండి ఉంటుంది. తర్వాత అతన్ని వెతికి క్షమించమని అడిగాను. "అప్పుడే మర్చిపోయినన్నా" అన్నాడు. మర్చిపోయి ఉంటాడని నాకనిపించలేదు.

తెలంగాణలో 2025 ఏప్రిల్ 14 నుంచి కొత్త చట్టం అమల్లోకొచ్చింది. 59 ఎస్సీ కులాలు మూడు గ్రూపులు: మొదటిదానికి 1 శాతం, మాదిగలున్న రెండోదానికి 9, మాలలున్న మూడోదానికి 5. మా అమ్మాయి పత్రం మీద గ్రూప్-3 అని ఉంది. మావాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఇంకా కోపం చల్లారలేదు. అంకెల మీద పేచీ ఉంటే లెక్కలు తీసి మాట్లాడవచ్చు. సూత్రం మీద మాత్రం నాకిక పేచీ లేదు.

అదే తీర్పులో కొందరు న్యాయమూర్తులు ఎస్సీ, ఎస్టీలకూ క్రీమీలేయర్ ఉండాలన్నారు, వాళ్లలో బాగుపడ్డ కుటుంబాలను కోటాలోంచి తీసేయాలన్నారు. అంటే నాబోటివాడి పిల్లలు. ఆ నెలలోనే కేంద్రం అలాంటిదేమీ ఉండదని చెప్పేసింది. మావాళ్లు ఊపిరి పీల్చుకున్నారు. నేను అంత తేలిగ్గా ఊపిరి పీల్చుకోలేకపోయాను. జిల్లా హాస్టల్లోంచి వచ్చే పిల్లవాడికీ మా అమ్మాయికీ మధ్య, 1993లో నాకూ ఓసీ కుర్రాళ్లకీ మధ్య ఉన్న దూరమే ఉంది. కులం కొట్టే దెబ్బ మా అమ్మాయికీ తగులుతుంది, ఇంటి మెట్ల మీద తగిలింది. కానీ ఎంట్రన్స్ ర్యాంకులో ఆ దెబ్బ ఎంత కనిపిస్తుందంటే, కోచింగ్ ఫీజు కట్టిన ఇంట్లో తక్కువ కనిపిస్తుందని ఒప్పుకోక తప్పదు.

అలాగని మాబోటివాళ్లను పూర్తిగా తీసేస్తే ఏమవుతుందో కూడా ఉద్యోగంలో చూశాను. పెద్ద పోస్టులకు తగిన అభ్యర్థి దొరకలేదని రాసి ఖాళీ పెట్టడం, బ్యాక్‌లాగ్ అని ఏళ్లకేళ్లు నానబెట్టడం మామూలే. మొదటి తరం వాళ్లలో ఆ స్థాయికి చేరినవాళ్లు తక్కువున్న చోట రెండో తరాన్నీ రావద్దంటే ఆ కుర్చీ ఖాళీగానే ఉంటుంది. అందుకే నాకు తోచింది తీసేయడం కాదు, వరస మార్చడం. కోటా లోపల ముందు మొదటి తరం చదువుకున్నవాళ్లకు ఇవ్వాలి, మిగిలితే మాలాంటివాళ్ల పిల్లలకు. సీటు ఆ కులాల బయటికి పోదు, హాస్టల్ పిల్లవాడి ముందు మా అమ్మాయి నిలబడదు. మావాళ్లతో ఈ మాట అన్నప్పుడు, నువ్వు ఎక్కేశావు గనక నిచ్చెన లాగేస్తున్నావని ఒకాయన అన్నాడు. ఆయన భయం అర్థమవుతుంది. పైవాళ్లు ఇలాంటి సందు చూపిస్తే చాలు, మొత్తం కోటానే కోసేస్తారని. ఆ భయానికి కారణాలున్నాయి. అయినా ఆ భయం పేరు చెప్పి వెనకవాణ్ని ఇంకో ముప్పై ఏళ్లు ఆగమనడం నావల్ల కాదు.

ఇంత పోరాటమూ ఏటా చిన్నదవుతున్న ముద్ద మీద అన్నది కూడా చెప్పాలి. ప్రైవేటు ఉద్యోగాల్లో రిజర్వేషన్ లేదు, ఉన్నది తెలిసినవాళ్ల రిఫరల్. నేను చేరినప్పుడు మా ఆఫీసులో అటెండర్, టైపిస్టు, డ్రైవర్ అందరూ రోస్టర్, అంటే ఏ పోస్టు ఏ వర్గానికో చెప్పే వరస, మీద వచ్చినవాళ్లే. వాళ్లు రిటైరవుతుంటే ఆ పనులు ఒక్కొక్కటే ఏజెన్సీకి పోయాయి. ఏజెన్సీ పంపే జాబితాకి రోస్టర్ పాయింట్లు చూసినవాళ్లు నాకు కనిపించలేదు. ఊడ్చేవాళ్ల జాబితాలో మాత్రం మావాళ్లూ మాదిగలూనే ఉంటారు, కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్ల జాబితాలో ఉండరు.

ఆదివారం సాయంత్రం ఇద్దరం మళ్లీ ఫారం ముందు కూర్చున్నాం. ఇందులో చాలా వరకు చెప్పాను. హాస్టల్ దోస్తు గురించి మొదటిసారి చెప్పాను. స్వీట్ల సంగతీ దాచలేదు.

"నీ కులం రాస్తే నువ్వు ఓపెన్‌లోంచి పోయినట్టు కాదు బిడ్డా," అన్నాను. "ఓపెన్ ర్యాంకు వస్తే ఓపెన్ సీటే. రాసినంత మాత్రాన ఎవరి సీటూ తీసుకున్నట్టు కాదు. రాయకపోతే మాత్రం ఓపెన్‌లో గెలిచిన ఎస్సీ పిల్లల లెక్కలోంచి ఒక పేరు పోతుంది."

"ఓపెన్ రాకపోతే?"

"చట్టం ప్రకారం గ్రూప్-3 సీటు నీది. తీసుకుంటే తప్పు చేసినట్టు కాదు. వదిలేస్తే నీ తర్వాత ర్యాంకులో ఉన్న మన గ్రూపు పిల్లకో పిల్లవాడికో పోతుంది. ఎవరో మనకు తెలియదు. మెట్ల మీద ఇల్లు లేదనిపించుకున్నది నువ్వు, కోచింగ్‌కి వెళ్లిందీ నువ్వే. ఆలోచించుకోవాల్సింది నువ్వు."

కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "ఆ ఇల్లు నాకు గుర్తుంది నాన్నా. కింద మల్లె తీగ ఉండేది," అంది. ఎస్సీ సెలెక్ట్ చేసింది. గ్రూప్ దగ్గర పత్రం చూసి మూడు పెట్టింది. కౌన్సెలింగ్ అప్పుడు మిగతాది చూద్దాం, ముందు ర్యాంకు రానీ అని, మళ్లీ లెక్కల పుస్తకం తీసింది.

నా ఫోన్లో అప్పటికే రెండు మిస్డ్ కాల్స్ ఉన్నాయి. హాస్టల్ దోస్తువే. వాళ్ల చిన్నోడు గురుకులంలో ఇంటర్ రెండో సంవత్సరం, ఇదే పరీక్ష రాస్తున్నాడు. కొత్త పత్రం వచ్చిందట, ఫారంలో ఏం పెట్టాలో తెలియక అడగడానికి చేశాడు. ఇంకో విండో తెరిచి, పత్రం మీద నంబర్ చదవమన్నాను. కళ్లజోడు వెతుక్కుని, ఒక్కొక్క అంకె ఆగి ఆగి చదువుతున్నాడు.